వార్త ఏ దారిన వచ్చింది?

నా పిహెచ్‌.డి. సిద్ధాంత గ్రంథం నాలుగో అధ్యాయంలో ఒక వాక్యం ఉంది. నెల్లూరు జిల్లాలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం పత్రికల ద్వారా రాష్ట్రమంతటా వ్యాపించింది అని. రాసేటప్పుడు నేను రెండోసారి ఆలోచించలేదు. వైవాలో ఎవరూ ప్రశ్నించలేదు. ఇటీవల గ్రంథాన్ని పుస్తకంగా తెచ్చే పనిలో పడి, సెలవులకు అమ్మమ్మ దగ్గరకు వెళ్ళినప్పుడు ఆ పేజీలు ఆవిడకు చదివి వినిపించాను. ఉద్యమంలో ఆవిడా ఉంది కదా, సంతోషిస్తుందనుకున్నాను. ఆ వాక్యం దగ్గర ఆపి నవ్వింది.

"పేపరా? పేపరాయన వచ్చేతలికి మా అంగడి మూతబడి మూడు దినాలయింది పాపా!"

ఈ వ్యాసం ఆ నవ్వు గురించే. నిరసన వార్త ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎలా చేరుతుంది, చేరేటప్పుడు ఎవరిని వెంట తీసుకువస్తుంది, ఎవరిని దారిలో వదిలేస్తుంది అన్నది నేను ఇంతకాలం పరిశోధకురాలిగా సరిగా అడగని ప్రశ్న.

అప్పటి సంగతులు ఈ తరం పాఠకుల కోసం క్లుప్తంగా చెప్పుకోవాలి. 1980లలో ఎన్‌.టి. రామారావు ప్రభుత్వం 'వారుణి వాహిని' పేరుతో సారాను తానే సరఫరా చేసే పద్ధతి తెచ్చింది. సారా ప్యాకెట్లలోకి మారాక దాన్ని మోసుకురావడం, అప్పివ్వడం, ఇంటి గడపలోకి చేర్చడం సులువైంది. తాగే నీళ్ళు రాని ఊళ్ళకు కూడా సారా మాత్రం క్రమం తప్పకుండా వచ్చేది. ఎక్సైజు ఆదాయం 1970-71లో 39 కోట్ల రూపాయలుంటే 1991-92 నాటికి 812 కోట్లకు పెరిగింది. ఈ అంకెను ఆర్థిక శాస్త్రజ్ఞులు రాబడిగా చదువుతారు. కూలి చేసుకునే ఆడవాళ్ళ వైపు నుంచి చదివితే అది ఇంటికి రాని కూలి, ఉడకని అన్నం, ఒంటిమీద పడిన దెబ్బ. తాగుబోతు భర్తల మీద ఆడవాళ్ళు తిరగబడ్డారని ఉద్యమాన్ని కుదించి చెప్పడం అలవాటైపోయింది గానీ, వాళ్ళు మొదటి రోజు నుంచీ వెళ్ళింది అంగడి మీదికి, వేలం పాట మీదికి, కలెక్టరు కార్యాలయం మీదికి. అంటే ప్రభుత్వం మీదికి. మొగుడిని మార్చుకోవడానికైతే కలెక్టరు దగ్గరకు వెళ్ళనక్కర్లేదు కదా!

1990-91 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు, జీతంలేని వలంటీర్లు, కళాజాతా బృందాలు ఊరూరా తిరిగారు. రాత్రిపూట పని ముగించుకుని వచ్చిన ఆడవాళ్ళు పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళకిచ్చిన వాచకాల్లో తాగుబోతు భర్త వల్ల నలిగిపోయిన స్త్రీ కథ 'సీతమ్మ కథ' ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో తాగి చెరువులో పడి మనుషులు చనిపోయాక, వర్ధినేని రోశమ్మ, ఆమెతో ఉన్న స్త్రీలు సారా అంగడిని మూయించారు. ఆ సంఘటన 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠంగా తర్వాతి వాచకంలోకి వచ్చింది. ప్రభుత్వ ఖర్చుతో అచ్చయిన పుస్తకమే ప్రభుత్వ ఆదాయం మీద తిరుగుబాటు వార్తను ఊరూరికీ మోసుకుపోయింది. ఇంత వ్యంగ్యం ఏ కథా రచయిత్రీ కల్పించలేదు.

1992 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఉద్యమం ఉధృతమైంది. ఆ సమయానికే ఎందుకంటే, సారా సంవత్సరం అప్పట్లో అక్టోబరు 1న మొదలయ్యేది. దానికి ముందే వేలం పాటలు జరగవలసి ఉండేది. నెల్లూరులో స్త్రీలు అడ్డుపడటంతో పాటలు పదే పదే వాయిదా పడ్డాయి. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి ఆ జిల్లా మనిషే. 1992 అక్టోబరులో ఆయన దిగిపోయి కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు. 1993 ఏప్రిల్‌ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1994 ఎన్నికల్లో గెలిచిన రామారావు 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలుచేశారు. వారుణి వాహిని తెచ్చిన చేత్తోనే నిషేధం మీద సంతకం పెట్టవలసివచ్చింది. 1997లో నిషేధాన్ని ఎత్తేశారు. సారా మీద మాత్రం నిషేధం మిగిలింది.

ఇదంతా నా అధ్యాయంలో ఉంది. దీనికి ఆధారాలుగా నేను చూసినవి పత్రికల ఫైళ్ళు, వాచకాలు, అన్వేషి మహిళా పరిశోధన కేంద్రం వాళ్ళు 1993లో ప్రచురించిన నివేదిక, సూసీ తారు, తేజస్విని నిరంజన రాసిన వ్యాసం. ఈ చివరి రెండూ స్త్రీవాద పరిశోధనకు దారి చూపిన రచనలు. గాంధేయవాదులు, పార్టీలు, పత్రికలు ఎవరికి వాళ్ళు ఈ స్త్రీలను తమకు కావలసిన రూపంలో ఎలా చదువుకున్నారో ఆ వ్యాసం మనకు నేర్పింది. అది చదివి పాఠం చెప్పిన నేనే, వార్త విషయానికి వచ్చేసరికి పత్రికను నమ్మి కూర్చున్నాను. ఎందుకంటే లైబ్రరీలో దొరికేది అదే.

పత్రికల పాత్ర తక్కువదని నేననడం లేదు. ఈనాడు 1989లో జిల్లాలవారీ ప్రత్యేక సంచికలు మొదలుపెట్టింది. దాంతో అంతవరకూ వార్త కాని ఊళ్ళు వార్తలయ్యాయి. మండలానికొక విలేఖరి, రోజూ నింపవలసిన పేజీలు. భారతీయ భాషా పత్రికల మీద పరిశోధన చేసిన రాబిన్‌ జెఫ్రీ ఈ మార్పును వివరంగా రాశారు. సారా ఉద్యమాన్ని ఈనాడు నెలల తరబడి తన భుజాన వేసుకుని మోసింది. దాని వెనక కాంగ్రెసు ప్రభుత్వంతో ఉన్న రాజకీయ వైరం ఉందని అప్పుడే విమర్శలు వచ్చాయి. ఇటు ఉదయం పత్రిక మద్యం వ్యాపారంలో ఉన్న మాగుంట సుబ్బరామిరెడ్డి యాజమాన్యంలో ఉండేది. ఒక నిరసన వార్త ఏ పేజీలో, ఎన్ని కాలమ్‌లలో వస్తుందన్నది ఆ స్త్రీల ధైర్యాన్ని బట్టి మాత్రమే తేలే విషయం కాదు.

అయితే ఆ పత్రిక ఊళ్ళో ఎక్కడికి వస్తుంది? టీ అంగడికి వస్తుంది. బల్లమీద నలుగురు మగవాళ్ళు పేజీలు విడదీసుకుని చదువుతారు. ఆడవాళ్ళు ఆ బల్లమీద కూర్చోరు. ఎప్పుడైనా రాత్రిబడి వలంటీరు ఆ పేపరు అడిగి తెచ్చి చదివితే వాళ్ళు వింటారు. లేకపోతే లేదు. ఇది నాకు తెలియని విషయం కాదు. మా అమ్మమ్మ ఊళ్ళో సెలవులన్నీ గడిపినదాన్నే. కానీ తెలిసిన విషయం పరిశోధనలో గుర్తుకు రావడానికి మనం చదివిన చదువు ఒప్పుకోవాలి కదా!

అందుకే ఈసారి అమ్మమ్మను ఒకే ఒక ప్రశ్న అడిగాను. మరి మీకెలా తెలిసింది?

"మెట్టోళ్ళు కోతలకొచ్చినారు గదా. వాళ్ళు చెప్పినారు" అంది.

అమ్మమ్మ ఊరు పెన్నా కాలువ కింద ఉంది. ఎడగారు పంట కోతలకు పైమండలాల నుంచి కూలి ముఠాలు వచ్చేవి. ఎక్కువమంది ఆడవాళ్ళే. చేలో వంగి కోస్తూ వాళ్ళు తమ ఊళ్ళో అంగడి ఎలా మూయించారో చెప్పారట. ఎవరు ముందు వెళ్ళారు, అంగడివాడు ఏమన్నాడు, ప్యాకెట్లు ఎక్కడ పారబోశారు, పోలీసులు వస్తే ఏం చేశారు. ఇవన్నీ పనికొచ్చే వివరాలు. పత్రికలో రానివి కూడా ఇవే. ఎర్రబస్సులో పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ ఇంకో ఊరి సంగతి తెచ్చింది. సంతలో ఎండుచేపలు అమ్మే ఆమె మరో రెండు ఊళ్ళ సంగతి తెచ్చింది. ఒక ఊళ్ళో అంగడివాడికి గుండు కొట్టించి గాడిద మీద ఊరేగించారని కూడా విన్నారట. అది నిజమేనా అని అడిగాను. "ఏమో. అబద్ధమైతే మాత్రం ఏంది? ఆ మాట ఇన్నాక మాకు బయం పోయింది" అంది.

రణజిత్‌ గుహా 1983లో వచ్చిన తన పుస్తకంలో రైతాంగ తిరుగుబాట్లు వదంతుల ద్వారా ఎలా పాకాయో రాశారు. షాహిద్‌ అమీన్‌ 1921-22 నాటి గోరఖ్‌పూర్‌ ప్రాంతంలో గాంధీ గురించి పుట్టిన కథలను పరిశీలించారు. ఇవి తరగతి గదిలో నేనూ చెప్పే పాఠాలే. వదంతికి రాసినవాళ్ళుండరు, విన్నవాళ్ళే దానికి కర్తలవుతారని చెప్తాను. కానీ మన ఊళ్ళలో వార్తను నడిపించేది సంబంధాలు. పుట్టిల్లు, మెట్టిల్లు, కూలి ముఠా, బావి, సంత. పెళ్ళి చేసి పంపిన కూతురు రెండు ఊళ్ళ మధ్య వార్త నడిచే దారి. పితృస్వామ్యం స్త్రీని పుట్టిన ఊరి నుంచి పెరికి ఇంకో ఊళ్ళో నాటుతుంది. 1992లో ఆ ఏర్పాటే వార్తకు దారులు వేసింది. నిఘా పెట్టడానికి ప్రభుత్వం దగ్గర ఆ దారుల పటం లేదు.

ఇక్కడితో వ్యాసం ముగించవచ్చు. మౌఖిక వార్తను గెలిపించి, అమ్మమ్మను నాయికను చేసి. కానీ అసలు విషయం తర్వాత తెలిసింది.

మా ఇంట్లో ఒక పేపరు ముక్క ఉంది. అమ్మ దానికి అద్దం కట్టించింది. మూతపడిన సారా అంగడి ముందు పదిహేను మంది దాకా ఆడవాళ్ళు పిడికిళ్ళెత్తి నిలబడిన ఫోటో. ఎడమవైపు రెండోది మా అమ్మమ్మ. కింద ఎవరి పేర్లూ లేవు, 'గ్రామ మహిళలు' అని ఉంది. ఆ ఫోటో చూస్తూ పెరిగాను. నేను స్త్రీవాదం వైపు ఎలా వచ్చానని ఎవరైనా అడిగితే ఆ ఫోటో గురించే చెప్పేదాన్ని. పేర్లు రాయలేదని పత్రిక మీద కోపం తెచ్చుకునేదాన్ని కూడా.

"ఈ పదిహేను మందేనా మొదట వెళ్ళింది?" అని అడిగాను.

అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు. "మొదట పొయ్యింది మేం కాదు. కాలనీ వాళ్ళు" అంది.

మర్నాడు సాయంత్రం కాలనీకి వెళ్ళాను. అప్పటి వాళ్ళలో ఇప్పుడు ముగ్గురున్నారు. అందరికంటే పెద్దావిడ గుమ్మంలో మంచం మీద కూర్చుని ఉంది. 'పెద్దమ్మా' అని పిలిచి, ఫలానావాళ్ళ మనవరాలినని చెప్పుకున్నాను. ఆవిడ చెప్పిన క్రమం ఇది. మొదటి రోజు కాలనీ ఆడవాళ్ళు ఇరవైమంది దాకా అంగడి ముందు కూర్చున్నారు, ప్యాకెట్లు లాగి కాలువలో పారేశారు. రెండో రోజు కంట్రాక్టరు మనుషులు జీపులో వచ్చి, బూతులు తిట్టి, అంగడి తెరిపించారు. వీళ్ళు మళ్ళీ కూర్చున్నారు. ఇద్దరికి దెబ్బలు తగిలాయి. మూడో రోజు ఊళ్ళోని రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చి కలిశారు. మా అమ్మమ్మ వచ్చింది ఆ రోజే. అప్పుడు అంగడి మూతపడింది. "మీ వాళ్ళొచ్చినాక వాళ్ళు ఎనక్కి తగ్గినారు. మమ్మల్ని కొట్టినట్టు వాళ్ళను కొట్టలేరు గదా" అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది.

మూడు రోజుల తర్వాత విలేఖరి మధ్యాహ్నం పూట వచ్చాడు. ఫోటోలో మీరెందుకు లేరు పెద్దమ్మా అని అడిగాను.

"మేం కోతకు పొయ్యుండాం. అప్పటికే మూడు దినాల కూలి పాయె. ఫోటో దిగేదానికి ఇంగో దినం కూలి పోగొట్టుకుంటామా?"

నా దగ్గర ఉన్న ఏ సిద్ధాంతమూ ఇంత తేటగా చెప్పలేదు. పత్రికవాడు కావాలని కాలనీ వాళ్ళను వదిలెయ్యలేదు. మధ్యాహ్నం రెండింటికి ఊళ్ళో ఎవరుంటారో వాళ్ళనే తీశాడు. ఉన్నది భూమి ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళు. కులం, కూలి, ఆ రోజు గడియారం, ఈ మూడూ కలిసి ఆ ఫోటోకు అంచులు గీశాయి. మా ఇంట్లో అద్దం కట్టించుకున్నది ఆ అంచులనే. పేర్లు లేవని కోపం తెచ్చుకున్న నేను, మనుషులే లేరని ముప్ఫై ఏళ్ళు గమనించలేదు.

పెద్దమ్మకు అప్పుడూ ఇప్పుడూ చదువు రాదు, సంతకం మాత్రం వచ్చు. రాత్రిబడికి వెళ్ళింది ఆవిడ కాదు, మెట్ట ఊళ్ళో ఇచ్చిన ఆవిడ చెల్లెలు. పాఠంలోని సంగతులు ఆ చెల్లెలి నోటి ద్వారా వచ్చాయి. "ఆ సీతమ్మది ఏ ఊరో మరిచిపొయినా. మంచి మనిసి, పాపం" అంది. నేను ఉలిక్కిపడ్డాను. సీతమ్మ వాచకంలోని పాత్ర. ఆవిడకు మాత్రం ఎక్కడో పై ఊళ్ళో బతికిన మనిషి. నేను సరిదిద్దలేదు. సాహిత్యంలో పిహెచ్‌.డి. చేసినదాన్ని, ఒక రచన పాఠకురాలిని ఇంతకంటే లోతుగా చేరడం నేను చూడలేదు. ఆవిడ పాఠకురాలు కూడా కాదు.

ఊరికి తిరిగి వచ్చాక నాకొకటి స్పష్టమైంది. వార్త రెండు దిక్కుల్లో నడిచింది. ఒకటి పక్కకు, ఊరి నుంచి ఊరికి, ఆడవాళ్ళ నోటి మీదుగా. ఇంకొకటి పైకి, నెల్లూరుకు, హైదరాబాదుకు, శాసనసభకు, ఆ తర్వాత నాలాంటి వాళ్ళ పరిశోధనలకు. పత్రిక చేసింది ఈ రెండో పని. అది తక్కువ పని కాదు. పైకి వెళ్ళకపోతే ప్రభుత్వానికి భయం పుట్టేది కాదు. కానీ ఉద్యమాన్ని నడిపించింది పక్కకు నడిచిన వార్త. చరిత్రలో మిగిలింది పైకి వెళ్ళిన వార్త. పైకి వెళ్ళే ప్రతి మెట్టు దగ్గరా కొందరు కిందే ఆగిపోయారు. కాలనీ వాళ్ళు ఊరి దగ్గర ఆగారు. ఊరివాళ్ళు 'గ్రామ మహిళలు' అన్న మాట దగ్గర ఆగారు. చివరికి రాష్ట్రమంతటికీ ఒక్క పేరు మిగిలింది. దూబగుంట రోశమ్మ ఆ పేరుకు అర్హురాలే, అందులో సందేహం లేదు. ఆమె 2016లో మరణించింది. కానీ వేల ఊళ్ళ ఆడవాళ్ళకు ప్రాతినిధ్యం వహించే భారం ఒక్క మనిషి మీద పెట్టి, మిగిలినవాళ్ళను మరిచిపోవడానికి మనం ఆ పేరును వాడుకున్నాం.

స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల దగ్గరకు నలభై ఏళ్ళ తర్వాత వెళ్ళారు. సారా ఉద్యమానికి మూడు దశాబ్దాలు దాటాయి. అప్పటి స్త్రీలు చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళ దగ్గరకు మనం వెళ్ళవలసిన సమయం ఇదే, వెళ్ళేటప్పుడు ఫోటోలో ఉన్నవాళ్ళ దగ్గరకే కాకుండా, ఆ మధ్యాహ్నం ఎవరు కోతకు వెళ్ళారని కూడా అడగాలి.

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను ఉంది కదా, ఈ బాధ తీరిపోయిందని విద్యార్థులు అంటారు. 2019 డిసెంబరులో షాహీన్‌బాగ్‌లో స్త్రీలు కూర్చున్నప్పుడు ఆ దృశ్యం గంటల్లో దేశమంతా తిరిగింది. నిజమే. అయితే ఫోను తియ్యడానికి కూడా ఆ మధ్యాహ్నం అక్కడ ఉండాలి. కూలి పోగొట్టుకోగలిగి ఉండాలి. ఫోటో వేగం పెరిగింది గానీ అంచులు పోలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి ఐదేళ్ళు ప్రభుత్వమే మద్యం దుకాణాలు నడిపింది, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు చేతికిచ్చింది. ఎవరు అమ్మారన్నది మారింది. ఇదంతా చూసి పెద్దమ్మను, అంత కష్టపడి ఏం లాభమని మీకనిపించదా అని అడిగాను. అడగకూడని ప్రశ్నే. "ఆ రెండేండ్లూ నా కూలి నా ఇంటికొచ్చింది. నా కొడుకు టెన్త్‌ పాసయింది అప్పుడే" అంది. ఉద్యమం గెలిచిందా ఓడిందా అని వ్యాసాలు రాసే మనం, ఆ రెండేళ్ళను ఏ గడిలో వేస్తాం?

నాలుగో అధ్యాయంలో ఆ వాక్యం కొట్టేశాను. దాని స్థానంలో ఇప్పుడు ఇరవై పేజీలున్నాయి, ఇంకా పూర్తికాలేదు. వచ్చే కోతలకు మెట్ట ఊళ్ళకు వెళ్ళి పెద్దమ్మ చెల్లెలిని వెతకాలి. అద్దం కట్టిన ఫోటో గోడమీదే ఉంచమని అమ్మకు చెప్పాను. పక్కన ఒక కాగితం అతికించాను. మొదటి రోజు వెళ్ళినవాళ్ళ పేర్లు, పెద్దమ్మకు గుర్తున్నంతవరకు. పదకొండు వచ్చాయి. తొమ్మిది ఖాళీలు వదిలాను.